వాన వెలిశాక తడిసినవాడు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో, "కవిత్వంలో ఒకదానికొకటి పొసగని మాటలు కనబడితే రాసి పంపండి" అని అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్నిటికే జవాబు రాయగలిగాను. మిగతావాళ్లు కోపం తెచ్చుకోవద్దు.

కొత్త పాఠకులకు నా సంగతి ఒక్క మాట. నేను పండితుణ్ణి కాను. హన్మకొండలో ఒక ప్రెస్సులో ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాను. తప్పు పట్టడానికే నాకు జీతం ఇచ్చారు. పొసగని మాట కనిపిస్తే ఇప్పటికీ నా చెయ్యి ముందు పెన్ను మీదికి పోతుంది, బుర్ర తర్వాత పనిచేస్తుంది. ఈ జబ్బున్న మనిషి రాస్తున్నాడని గుర్తుంచుకుని చదవండి.

ప్రశ్న: పోతన ప్రహ్లాదుడి చేత "ఇందుగలడందు లేడని సందేహము వలదు" అనిపించాడు. గజేంద్రుడి చేత "కలడో లేడో" అనిపించాడు. ఒకే కవి, ఒకే భాగవతం. ఏది పోతన మాట? క్లాసులో అడిగితే "ఇది పరీక్షలో రాదు" అన్నారు.
– డిగ్రీ విద్యార్థిని, హుజూరాబాద్

జవాబు: పరీక్షలో రాదు కాబట్టే అడగాల్సిన ప్రశ్న, బిడ్డా.

మొదటి పద్యం ఏడో స్కంధంలో ఉంది, రెండోది ఎనిమిదో స్కంధంలో. కవి మరిచిపోయి రాశాడనుకోవడానికి వీల్లేదు. మరుపు వల్ల వచ్చే తప్పు ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు. నవల మొదట్లో మేనమామగా వచ్చినవాడు చివరికొచ్చేసరికి బాబాయి అవుతాడు. అటువంటివి వందలు దిద్దాను. ఇది ఆ రకం కాదు.

రెండో పద్యం ఒకసారి మొత్తం చదువు:

"కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్ని దిశలను
గలడు గలండనెడువాడు గలడో లేడో"

'కలడు' ఎన్నిసార్లు వచ్చిందో వేలు పెట్టి లెక్కపెట్టు. ఆరుసార్లు. 'లేడు' ఒక్కసారే, చిట్టచివర. అయినా పద్యం బరువంతా ఆ ఒక్క 'లేడో' మీదే పడింది. ఇంకో సంగతి చూడు. మొదటి మూడు పాదాల్లో ఉన్నది ఉత్త 'కలడు' కాదు, 'కలడందురు'. ఉన్నాడంటారు. అంటే ఎవరో చెప్పగా విన్నది. మొసలి కాలు పట్టుకుని లాగుతుంటే, వెయ్యేళ్లు పెనుగులాడి ఒళ్లు అలిసిపోయినవాడికి విన్నమాట ఎంతసేపు ఆసరా అవుతుంది?

ప్రహ్లాదుడి సంగతి వేరు. ఎదురుగా తండ్రి నిలబడి, ఎక్కడున్నాడో చూపించమని గద్దిస్తున్నాడు. ఆ పిల్లవాడు వాదించడం లేదు. కళ్ల ముందు ఉన్నదాన్ని చెప్తున్నాడు. పైగా ఆ స్తంభంలోంచి వచ్చినవాడు ఎటువంటివాడు? మనిషీ కాదు, మృగమూ కాదు. వచ్చింది పగలూ రాత్రీ కాని వేళ. చంపింది ఇల్లూ బయలూ కాని గడప మీద. హిరణ్యకశిపుడు "ఇదీ కావద్దు, అదీ కావద్దు" అని వరాలు అడుగుతూ పోయాడు. చివరికి ఇదీ అదీ రెండూ అయినవాడు వచ్చి కూర్చున్నాడు. వరాల కాగితం నా దగ్గరికి వచ్చుంటే నేనూ ఆ సందు పట్టుకునేవాణ్ణి కాదు.

మళ్లీ ఏనుగు దగ్గరికి వద్దాం. "కలడో లేడో" అన్నాక ఏనుగు మొర అక్కడ ఆగదు. వెంటనే వచ్చే సీసం ఇట్లా మొదలవుతుంది: "కలుగడే నాపాలి కలిమి సందేహింప కలిమిలేములు లేక కలుగువాడు." ఉన్నవాడు, లేనివాడు అన్న తేడా చూడకుండా అందరికీ ఉండేవాడు నాకు ఉండడా అని పెద్దలు దీనికి అర్థం చెప్తారు. ఒప్పుకుంటాను. నాకు మాత్రం ఆ 'కలిమిలేములు' చదివినప్పుడల్లా ముందటి పద్యంలోని కలడు, లేడు మళ్లీ వినబడతాయి. ప్రహ్లాదుడు వద్దన్న 'సందేహం' అనే మాటను గజేంద్రుడు నోరారా వాడాడన్నది కూడా గమనించు.

సందేహించని పిల్లవాడి కోసం దేవుడు స్తంభం చీల్చుకుని వచ్చాడు. సందేహించిన ఏనుగు కోసం "సిరికిం జెప్పడు" అన్నట్టు ఇంట్లో మాట మాత్రం చెప్పకుండా పరుగెత్తాడు. కాబట్టి రెండూ పోతన మాటలే. నమ్మకం కలగకపోతే ఒకటి దిద్ది చూడు. ప్రహ్లాదుడి నోట "ఉన్నాడో లేడో" పెట్టు, కథ అక్కడే ఆగిపోతుంది. గజేంద్రుడి నోట "సందేహము వలదు" పెట్టు, ఏనుగు ఏడవడం మానేసి ఉపన్యాసం మొదలుపెడుతుంది.

ప్రశ్న: మా కొట్టుకు వచ్చే ముసలమ్మ ఒకామె "బియ్యం నిండుకున్నయ్ బిడ్డా" అంటుంది. మా పిల్లలు "ఒడిసినయ్" అంటారు. అయిపోయినవి నిండుకోవడమేంది? ఇది తప్పు తెలుగా?
– కిరాణా కొట్టు యజమాని, పరకాల

జవాబు: ఆమెది కూడా మంచి తెలుగే అన్నా. బియ్యం డబ్బా దగ్గర నిలబడి 'లేవు' అనడం ఇంటికి మంచిది కాదని పాతవాళ్ల పట్టింపు. అందుకని ఎదురు మాట తెచ్చి కప్పుతారు. దీపం ఆరిందనరు, కొండెక్కింది అంటారు. గాజులు పగిలాయనరు, పెరిగాయంటారు. వినేవాడికి అసలు సంగతి తెలుస్తూనే ఉంటుంది. అబద్ధం కాదు, కానీ నిజాన్ని నేరుగా ముట్టుకోరు.

మనం మాత్రం తక్కువా? ఫోన్ పెట్టేసే ముందు "ఉంటా మరి" అంటాం. అన్న మరుక్షణం లైన్లో ఉండం. గడప దాటుతూ "పోయొస్త" అంటాం. ఉత్త "పోత" అని చూడండి, ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు పూలను చెరువులో వదులుతూ "పోయిరా గౌరమ్మా" అని సాగనంపుతారు. ఆమె పేరేమో బతుకమ్మ, పంపేదేమో నీళ్లలోకి. దీన్ని ఎవరూ వింతగా చూడరు, ఎందుకంటే పోవడం, రావడం ఆ మాటలో అతికే ఉన్నాయి.

మేడారం జాతర ఏడు మీ కొట్లో "బంగారం ఇవ్వు" అని అడిగేవుంటారు. మీరు తూచింది బెల్లం. అసలు ఆ జాతరే పెద్ద తిరకాసు. చెప్పుకునే కథ ప్రకారం సమ్మక్క కాకతీయుల సేనతో పోరాడి, గాయపడి, చిలుకలగుట్టలో కనబడకుండా పోయింది. గెలిచిన రాజులకు కోట మిగిలింది. రెండేళ్లకోసారి బండ్లు కట్టుకుని జనం పోయేది ఓడినవాళ్ల దగ్గరికి.

ప్రశ్న: విరోధాభాసం, విభావన, విశేషోక్తి, అసంగతి కలగాపులగం అవుతున్నాయి. ఇంగ్లిషులో చెప్పే పారడాక్స్ కూడా విరోధాభాసమేనా? పరీక్ష దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.
– పోటీ పరీక్షల అభ్యర్థి, హన్మకొండ

జవాబు: టెన్షన్ వద్దు తమ్ముడూ, నాలుగూ ఇంట్లోవే.

విభావన: కారణం లేకుండానే ఫలితం రావడం. చుక్క తాగలేదు, మత్తెక్కింది. విశేషోక్తి దానికి తిరగేసిన బొమ్మ: కారణాలన్నీ ఉన్నా ఫలితం రాదు. చెరువు మత్తడి దుంకుతోంది, ఇంట్లో నల్లా పొడిగా ఉంది. అసంగతి: కారణం ఒక చోట, ఫలితం ఇంకో చోట. తెగులు వచ్చింది మిరపతోటకు, వాడిపోయింది రైతు. విరోధాభాసానికి మా అమ్మ వేసిన పొడుపుకథ చెప్తాను: "నీళ్లలో పుడుతుంది, నీళ్లలో పడితే చస్తుంది." ఉప్పు. విప్పేదాకా విరోధం, విప్పగానే మాయం. పేరులో 'ఆభాసం' ఉన్నది అందుకే, ఉన్నట్టు కనబడుతుందంతే.

పారడాక్స్ దగ్గర నా లెక్క కొంచెం వేరు. క్లీన్త్ బ్రూక్స్ అనే అమెరికన్ విమర్శకుడు 1947లో వచ్చిన పుస్తకంలో కవిత్వానికి తగిన భాష పారడాక్సే అని వాదించాడు. ఆయన తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి వర్డ్స్‌వర్త్ తెల్లవారుజామున లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీంచి ఊరిని చూసి రాసిన పద్యం. అందులో ఇళ్లు నిద్రపోతున్నట్టున్నాయి అంటాడు కవి. నిద్రపోవాలంటే ముందు ప్రాణం ఉండాలి గదా. కదలిక లేదన్న మాటతోనే ఊరికి ప్రాణం పోశాడు. ఇది ఉప్పు పొడుపులాగా విప్పగానే ఖాళీ అయ్యేది కాదు. అర్థమయ్యాక కూడా అట్లాగే నిలబడి ఉంటుంది. పరీక్షలో మాత్రం రెండూ ఒకటే అని రాయి, మార్కులు పోగొట్టుకోకు.

నువ్వుండేది హన్మకొండ కనుక ఇంకొక్కటి. ఈ అలంకారాలన్నిటికీ లక్షణాలు చెప్పిన సంస్కృత గ్రంథం ఒకటి మన ఓరుగల్లులోనే పుట్టింది. విద్యానాథుడి 'ప్రతాపరుద్ర యశోభూషణం'. ఏ అలంకారానికి ఉదాహరణ ఇచ్చినా అందులో పొగిడేది ప్రతాపరుద్రుణ్ణే. వ్యాకరణం పుస్తకంలో ప్రతి వాక్యం మన యజమాని పేరుతో రాసినట్టు. అదే రాజు 1323లో ఓడి బందీ అయ్యాడు. ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడు. పుస్తకంలో ఇప్పటికీ శత్రువులు ఆయన్ని చూసి పారిపోతూనే ఉంటారు. చదివి చదివి విసుగొచ్చిన సాయంత్రం ఒకసారి కోటకు వెళ్లు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడి ఉంటాయి. నడుమ ఉండాల్సిన గుడి లేదు. అది నాలుగింటిలో ఏ అలంకారమో అక్కడే నిలబడి ఆలోచించు.

ప్రశ్న: కాళోజీ 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నాడు. రాసిందంతా జనం గొడవే గదా?
– ఆర్టీసీ డ్రైవర్, హన్మకొండ

జవాబు: 'ప్రజల గొడవ' అని పేరు పెట్టి సొంత గోడు రాసుకునేవాళ్ల పుస్తకాలు నేను బస్తాలకొద్దీ దిద్దాను. ఆయన తిరగేశాడు.

ప్రశ్న: పాల్కురికి సోమన అందరికీ అర్థమయ్యే జాను తెనుగులో రాస్తానన్నాడు. ఆ మాట చెప్పిన వాక్యమే సంస్కృతంతో నిండి ఉంది: "ఉరుతర గద్య పద్యోక్తుల కంటె సరసమై పరగిన జాను తెనుంగు చర్చింపగా సర్వసామాన్యమగుట." ఇదేం న్యాయం?
– తెలుగు ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: సారూ, బాగా పట్టుకున్నారు. పాలకుర్తి పక్కనే ఉండి మీరు ఈ మాట అనడం ఇంకా బాగుంది. 'ఉరుతర', 'ఉక్తులు', 'చర్చ', 'సర్వసామాన్యం' ఏవీ పొలం కాడ వినబడే మాటలు కావు. పండితులతో తగువు పడాలంటే వాళ్ల భాషలోనే పడాలి కనుక అట్లా రాశాడని నా ఊహ. ఊళ్లో పంచాయితీ తెగక కోర్టుకు పోయినప్పుడు మనం మాట్లాడే తీరు మారదా? పీఠిక దాటి ద్విపదల్లోకి వెళ్లండి, భక్తుల కథలు వాళ్ల నోటి మాటలతోనే సాగుతాయి. కానీ ఈ వైరుధ్యాన్ని కవిత్వం ఖాతాలో వేయను. ఇది మనిషిది.

ప్రశ్న: నిందాస్తుతి అంటే పైకి తిట్టు, లోపల పొగడ్త అని చదువుకున్నాం. రామదాసు "ఎవరబ్బ సొమ్మని" అన్నప్పుడు లోపల నిజంగా పొగడ్తే ఉందా? నాకైతే కోపమే వినబడుతుంది.
– గృహిణి, భూపాలపల్లి

జవాబు: మీ చెవి సరిగ్గానే ఉందమ్మా. నిందాస్తుతిని పుస్తకాల్లో వ్యాజస్తుతి అంటారు, అందులో తిట్టు ఒక ముసుగు. ముసుగు తీస్తే నవ్వు మొహం కనబడుతుంది. గోపన్న పాటలో ముసుగు లేదు. అసలు ఆ పాట నడకే ఒక ఉద్యోగి లెక్కల పుస్తకం నడక. ప్రాకారానికి పదివేల వరహాలు, భరతుడి పచ్చల పతకానికి పదివేల వరహాలు, శత్రుఘ్నుడి మొలతాడుకు పదివేల మొహరీలు, సీతమ్మ చింతాకు పతకానికి మళ్లీ పదివేల వరహాలు. తహశీల్దారు కదా, జైల్లో కూర్చున్నా పద్దు మరిచిపోలేదు. ఆ తర్వాత అడుగుతాడు: నీ తండ్రి దశరథ మహారాజు పెట్టాడా, నీ మామ జనక మహారాజు పంపాడా, ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు?

ఇందులో అసలు మెలిక ఇంకోటి ఉంది. ఆ సొమ్ము దశరథుడిదీ కాదు, జనకుడిదీ కాదు, గోపన్నదీ కాదు. గోల్కొండ సర్కారుకు కట్టాల్సిన శిస్తు. ఆయన జైల్లో ఉన్నదే అందుకు. ఎవరి సొమ్మని తనను సర్కారు అడుగుతుంటే, అదే ప్రశ్నను తీసుకుపోయి రాముడి మీద పడేశాడు. పద్దు సరిపోక తల పట్టుకున్న గుమస్తాలను చూశాను గానీ, బాకీని దేవుడి పేర రాసినవాణ్ణి ఈయన్నే చూశాను.

చివరికి "అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు" అంటాడు. "ఈ దెబ్బలకోర్వక అబ్బ తిట్టితినయ్య" అంటాడు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు చూడండి. తిట్టలేదనడు. దెబ్బలు ఓర్చుకోలేక తిట్టానంటాడు. కోపమూ నిజమే, ప్రేమా నిజమే. ఒకటి లోపల, ఇంకోటి పైన కాదు, రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. అటువంటివి అలంకారశాస్త్రంలో కంటే మన ఇళ్లలో ఎక్కువ దొరుకుతాయి. ఆలస్యంగా వచ్చిన కొడుకును తిడుతూ అన్నం వడ్డించే తల్లికి ఏ అలంకారం పేరు పెడతాం?

ప్రశ్న: నేను కవిత్వం రాస్తున్నాను. విరుద్ధమైన మాటలు పక్కపక్కన పెడితే కవితకు బలం వస్తుందని ఒకరు చెప్పారు. 'మౌన శబ్దం', 'చల్లని నిప్పు', 'చీకటి వెలుగు' వాడి రాసిన కవిత పంపుతున్నాను. ఎట్లా ఉంది?
– యువకుడు, మందమర్రి

జవాబు: మీ కవిత చెప్పేముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

ఎనభైల్లో సంగతి. సీసం అక్షరాలు ఏరి పేర్చే కాలం. ఒక చిన్న కవితల పుస్తకం మా ప్రెస్సుకు వచ్చింది, 500 కాపీలు. రాసినవాడు బస్సు కండక్టరు, పాతికేళ్లుండవు. అందులో ఒక చోట "వాన వెలిసినంక తడిసిన" అని ఉంది. వాన వెలిశాక ఎవడన్నా తడుస్తాడా? చేతిరాత తొందరలో పొరపాటు పడ్డాడనుకున్నాను. 'వెలిసినంక' కొట్టేసి 'కురిసినంక' చేశాను. ఫారాలు అచ్చయి, కుట్టు పని కూడా అయిపోయింది.

కాపీలు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆ పేజీ తెరిచి చాలాసేపు చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "సార్, అది మా అమ్మను సాగనంపిన రోజు" అన్నాడు. "అందరున్నప్పుడు నాకు ఏడుపు రాలే. వాన గూడ వెలిసింది. అందరు పోయినంక ఇంటిముందర యాపచెట్టు కింద నిలబడ్డ. కొమ్మ మీద కాకి వాలింది. కొమ్మ ఊగి నీళ్లన్ని నా మీద పడ్డయ్."

కవితలో అమ్మ లేదు, కాకి లేదు, ఏడుపు లేదు. అవన్నీ ఆ ఒక్క 'వెలిసినంక'లో ఉన్నాయి. సరిగ్గా దాన్నే కొట్టేశాను. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని నల్ల సిరాతో ఒక్కో కాపీలో ఆ మాట దిద్దాం. నా వాటాకు వచ్చిన కాపీ మాత్రం దిద్దలేదు. ఇంట్లో ఇంకా ఉంది, అట్లాగే.

అప్పటి నుంచి ఏ పొసగని మాట వచ్చినా మనసులో దిద్ది చూస్తాను. దిద్దినా ఏమీ పోకపోతే అది ఉత్త తప్పు, లేదా ఉత్త డాబు. దిద్దగానే ఏదైనా చచ్చిపోతే చెయ్యి వెనక్కి తీసుకుంటాను. దాశరథి 1949లో తెచ్చిన పుస్తకం పేరు 'అగ్నిధార'. ధార అనేది నీళ్లకో పాలకో చెప్పే మాట. నిప్పు పైకి లేస్తుంది, ధార కిందికి జారుతుంది. దాన్ని 'అగ్నిజ్వాల' అని దిద్ది చూడండి. తప్పేమీ ఉండదు, పుస్తకమూ ఉండదు. నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి కోపం ఎక్కడికి పారాలో ఆ పేరులోనే ఉంది.

ఇప్పుడు మీవి. 'మౌన శబ్దం'లో శబ్దం తీసేశాను, ఏమీ కాలేదు. 'చల్లని నిప్పు'లో చల్లని తీసేశాను, నిప్పు కొంచెం వేడెక్కింది. 'చీకటి వెలుగు' మొత్తం తీసేసినా కవిత నడుస్తోంది. ఇవి మీరు చూసినవి కావు, ఎవరి దగ్గరో తెచ్చుకున్నవి.

కానీ పదకొండో పాదంలో, "నాయిన పొద్దుపొడుపుతోని చీకట్లకు దిగుతడు" అని ఉంది. ఇక్కడ మీరు అలంకారం వేద్దామనుకోలేదు. మొదటి షిఫ్టుకు బొగ్గుబాయికి పోయే మనిషిని చూసి రాశారు. దాన్ని నాలుగు రకాలుగా దిద్దబోయాను, నా వల్ల కాలేదు. పై పది పాదాలు పక్కన పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆయన తలకు లైటు కట్టుకుని దిగుతాడు గదా, అది మీ కవితలో ఎక్కడా లేదు. రాసి మళ్లీ పంపండి. ఈసారి చేతిరాత కొంచెం పెద్దదిగా ఉండనివ్వండి, నాకు కళ్లజోడు నంబరు మారింది.